మైసూరులో నైట్ షిఫ్టు

జావా, యెజ్డీ మోటార్ సైకిళ్లు చేసిన మైసూరులోని ఐడియల్ జావా ఫ్యాక్టరీ 1996లో మూతపడిందని చెప్పుకుంటారు. నమ్మకండి. అది నిక్షేపంగా నడుస్తోంది. అనుమానముంటే హైదరాబాద్‌లో రాణిగంజ్ వైపో పుత్లీబౌలి వైపో వెళ్లి, ఏదో ఒక స్పేర్ పార్ట్స్ కొట్టులో "1984 యెజ్డీ రోడ్‌కింగ్‌కు వెనక షాకబ్జర్లు కావాలి" అని అడగండి. కొట్టాయన లోపలికి వెళ్లి, దుమ్ము కొట్టుకుపోయిన డబ్బా ఒకటి తెచ్చి బల్ల మీద పెడతాడు. ఉఫ్‌మని ఊదుతాడు.

"ఒరిజినల్ మైసూర్ మాల్ సార్. ఓల్డ్ స్టాక్. గిదే ఆఖరి జత."

రేపు మళ్లీ వెళ్లండి. ఇంకో ఆఖరి జత ఉంటుంది.

ఇన్నేళ్లుగా ఆఖరి జతలు అయిపోకుండా అమ్ముడవుతున్నాయంటే ఎక్కడో ఎవరో కష్టపడుతున్నారన్నమాట. ఈ విషయమై లోతుగా ఆలోచించగా నాకు తేలింది ఇది. రాత్రి పన్నెండు దాటాక ఆ గేటు కిర్రుమని తెరుచుకుంటుంది. 60ల్లో జావాలు బిగించిన పాతకాపులు, ఇప్పుడు దయ్యాలై, వరసగా వచ్చి హాజరు వేయించుకుంటారు. తయారీ విభాగంలో ఇద్దరే ఉంటారు. స్ప్రింగుకు నల్లరంగు కొట్టడం ఎంతసేపు? సిబ్బందంతా దుమ్ము విభాగంలోనే. అక్కడ పదేళ్ల దుమ్ము, ఇరవయ్యేళ్ల దుమ్ము, నలభయ్యేళ్ల దుమ్ము విడివిడిగా జల్లెడ పట్టి బస్తాలకెత్తి ఉంటుంది. 1978 డబ్బా మీద పొరపాటున 1990 దుమ్ము చల్లిన కుర్రదయ్యానికి మెమో ఇస్తారు. పక్కనే తుప్పు విభాగం. బోల్టు తలకాయ వరకే పట్టించాలి, ఎక్కువైతే గిరాకీ బేరమాడతాడు. డబ్బా మూల కొరికి పెట్టడానికి కాంట్రాక్టు ఎలుకలున్నాయి. పర్మనెంట్ చేయమని అవి ఎప్పటినుంచో అర్జీలు పెట్టుకుంటున్నాయి.

లేబుళ్ల వాళ్లతోనే కాస్త చిక్కు. 1984 అని అచ్చేసిన డబ్బా మీద పది అంకెల సెల్ నంబరు కూడా వేసేశారు. మన దేశంలో సెల్‌ఫోన్ మొదటిసారి మోగింది 1995లో. ధర పక్కన "జీఎస్టీతో కలిపి" అని ఉంది. జీఎస్టీ వచ్చింది 2017లో. దయ్యాలకు ముందు జరగబోయేవి తెలుస్తాయంటారు కదా, సరిపెట్టుకోవాలి.

(పక్కకు బుడ్డి తగిలించిన బంగారు రంగు "గ్యాస్ షాకులు" బిగించుకుని తిరిగే కుర్రాళ్ల సంగతి వేరు. ఆ బుడ్డిలో ఒత్తిడితో నింపిన నైట్రోజన్ ఉండాలి, లోపలి నూనె నురగ కట్టకుండా. చవక రకాల్లో ఉండేది గాలి కూడా కాదు, నమ్మకం.)

షాకబ్జర్లు మార్చడంలో పెద్ద బ్రహ్మవిద్యేమీ లేదు. సెంటర్ స్టాండ్ వేసి, పైన ఒక బోల్టు, కింద ఒక బోల్టు. ఒక పక్కది బిగించాకే రెండో పక్కది విప్పాలి, లేకపోతే వెనక చక్రాన్ని పట్టుకుని ఉండే స్వింగ్‌ఆర్మ్ చక్రంతో సహా కిందికి జారుతుంది. బుష్‌లు కొత్తవి వేసుకోవాలి. అంతవరకూ బాగానే ఉంది. కానీ మా మెకానిక్ ఆ కొత్త జతను నేల మీద పక్కపక్కన నిలబెట్టి ఆగిపోయాడు. బోల్టు రంధ్రం నుంచి రంధ్రానికి కొలిస్తే ఎడమది అరవేలు పొట్టి. ఒకటి జనరల్ షిఫ్టులో, ఒకటి నైట్ షిఫ్టులో చేసి ఉంటారు.

స్ప్రింగు ఊడదీసి రాడ్ పట్టుకుని లాగాడు. సరైన షాకబ్జర్‌లో రాడ్ అంత తేలిగ్గా రాదు. పిస్టన్‌లోని సన్న దారుల్లోంచి నూనె దూరాలి కాబట్టి బరువుగా, బతిమాలించుకుంటూ వస్తుంది. ఇది వాషర్ అరిగిన సైకిల్ పంపులా సర్రున వచ్చేసింది. తలకిందులు చేస్తే గచ్చు మీద రెండు చుక్కలు రాలాయి. నలభయ్యేళ్ల చరిత్ర మొత్తం ఆ రెండు చుక్కలే.

చివరికి ఆయన పాత జతనే విప్పాడు. సీలు ఎండిపోయింది, నూనె ఎప్పుడో కారిపోయింది, రాడ్ మీద మాత్రం ఒక్క గీత లేదు. సీలు మార్చి, నూనె కొలిచి పోశాడు. బండికెక్కించాక సీటు మీద గట్టిగా నొక్కి వదిలితే ఒక్కసారి లేచి నిలబడిపోయింది. మైసూరు వాళ్లు బతికున్నప్పుడు చేసిన పని అది.

ట్యాంకు స్టిక్కర్లు నకిలీవి అమ్ముకోండి, ఎవరు వద్దన్నారు? హారన్ అమ్ముకోండి, అద్దాలు అమ్ముకోండి. చూసి మురిసిపోయే సరుకు అది. దీని మీద మనుషులు కూర్చుంటారయ్యా! బరువు మోసేది స్ప్రింగు, ఎగిరిన స్ప్రింగును పట్టి ఆపేది నూనె. నూనె లేకపోతే చక్రం నేల విడుస్తుంది, గాల్లో ఉన్న చక్రానికి బ్రేకు వేసీ లాభం లేదు. స్పీడ్ బ్రేకర్ 10 సెంటీమీటర్ల ఎత్తుంటే 3.7 మీటర్ల వెడల్పుండాలని ఇండియన్ రోడ్స్ కాంగ్రెస్ రాసిపెట్టింది. మన కాలనీల్లో ఆ ఎత్తంతా మూరెడు వెడల్పులో గోడలా లేపుతారు. ఒళ్లో పిల్లాడితో, రెండు కాళ్లూ ఒకే వైపు వేసి వెనక కూర్చున్న ఆడమనిషిని అక్కడ ఏం పట్టి ఆపుతుంది, మీరు చల్లిన దుమ్మా? ఆ దుమ్ముకు పడ్డ కష్టంలో సగం పడితే నూనె పోయొచ్చు కదా! గుక్కెడు నూనె. దానికి చెయ్యి రాలేదు. సిగ్గుండాలి.

విప్పిన జత పట్టుకుని కొట్టుకు వెళ్లాం. ఆయన రాడ్ వంకా, నూనె లేని గొట్టం వంకా చూసి నిజంగానే బాధపడ్డాడు.

"అరే, విప్పిండ్రా సార్? విప్పితే ఒరిజినల్ పోతది కదా."