వెనక్కి తిరిగి ఆ కిటికీ చూడండయ్యా

మొన్న మధ్యాహ్నం మెదక్ చర్చికి వెళ్లాం. బెంచీ చివర ఓ పెద్దావిడ మోకాళ్ల మీద కూర్చుని, కళ్లు మూసుకుని ప్రార్థన చేసుకుంటోంది. ఆమెకు రెండడుగుల దూరంలో ఒక కుర్రాడు ఫోన్‌లో పాట గట్టిగా పెట్టుకుని రీల్ తీస్తున్నాడు. "ఆంటీ, కొంచెం జరగండి, ఫ్రేములో పడుతున్నారు" అన్నాడు. నాకు ఒళ్లు మండిపోయింది. ఆవిడ మాత్రం కిమ్మనకుండా, కొంగుతో కళ్లు తుడుచుకుంటూ పక్కకి జరిగింది.

అసలు అది ఎలా లేచిన గుడి! కరువుతో జనం అల్లాడుతుంటే, ఇంగ్లండ్ నుంచి వచ్చిన మిషనరీ పోస్నెట్ దొర పని చూపించి, వాళ్ల కడుపు నింపుతూ కట్టించింది. 1924 డిసెంబరు 25న తెరిచారు. ఆ 175 అడుగుల గోపురం కింద నిలబడి అరుపులా, కేకలా?

ఇక ఆ రంగుటద్దాల కిటికీలు. క్రీస్తు పుట్టుక, సిలువ, ఆరోహణం. బయట ఎండ ఉంటేనే లోపల ఆ రంగులు వెలుగుతాయి, పొద్దు వాలితే ఏమీ కనపడదు. ఆ రోజు మబ్బు. చాలాసేపు ఎదురుచూశాక ఎండ వచ్చి అద్దం ఒక్కసారిగా వెలిగింది. వెంటనే పదిమంది మా ముందుకొచ్చి, దానికి వీపు పెట్టి సెల్ఫీలు! ఒక్కరంటే ఒక్కరు తల తిప్పి దాన్ని చూడలేదు.

"నాన్నా, ఎత్తుకో, నాకు కనపడట్లేదు" అంది మా పాప. ఎత్తుకున్నా. అప్పటికే మళ్లీ మబ్బు కమ్మేసింది.