నిండుకున్న ఇంగ్లీషు

మా బావమరిదికి ఉద్యోగం పోయిన సంగతి మా ఇంట్లో తెలియడానికి పదహారు గంటలు పట్టింది. కబురు అందక కాదు. సాయంత్రం ఐదున్నరకే మెయిల్ వచ్చింది. వాడు చదివాడు, నేను చదివాను, మా ఆవిడ చదివింది. అర్థం కాలేదని ఒప్పుకోవడం ఎవరికీ ఇష్టం లేక, కూకట్‌పల్లిలో మా వీధి మొత్తానికి ఇంగ్లీషు దరఖాస్తులు రాసిపెట్టే మా మామగారి చేతికి ఫోన్ ఇచ్చాం. ఆయన రెవెన్యూలో ముప్పై మూడేళ్ళు ఫైళ్ళు నడిపి రిటైరయ్యారు. ఒక చెరువుగట్టు తగాదాను పన్నెండేళ్ళ పాటు "పరిశీలనలో ఉన్నది" అనే ఒక్క మాట మీద నిలబెట్టిన చెయ్యి తిరిగిన మనిషి.

"యువర్ రోల్ హ్యాజ్ బీన్ ఇంపాక్టెడ్" అని పైకి చదివి, కళ్ళజోడు సర్దుకున్నారు. "ఇంపాక్ట్ అంటే ప్రభావం. నీ పని ప్రభావం కంపెనీ మీద పడిందంటున్నారు." ఆ కింద రైట్ సైజింగ్ అని ఉంది. సైజు సరిగ్గా లేనిది జీతం ఒక్కటే కాబట్టి, దాన్ని సరిచేస్తారన్నమాట. ఇంకా కింద, నీ ట్రాన్సిషన్‌కు మేం తోడుంటాం అని ఉంది. పై మెట్టు ఎక్కేటప్పుడు చెయ్యి అందిస్తారట.

"బావా, అయితే ప్రమోషనేనంటావా?" అన్నాడు వాడు.

"మామయ్యగారు చెప్పాక నాదేముందిరా?" అన్నాను. అత్తగారు పాలు పొయ్యి మీద పెట్టి పరమాన్నం వండారు. జీడిపప్పు మామూలు కంటే ఎక్కువే పడింది.

మర్నాడు తొమ్మిదిన్నరకు గచ్చిబౌలిలో ఆఫీసు గేటు దగ్గర కార్డు పెడితే ఎర్ర లైటు వెలిగింది. చొక్కాకు తుడిచి మళ్ళీ పెట్టాడు. మళ్ళీ ఎరుపే. ఆ కంపెనీ మొత్తంలో డొంకతిరుగుడు లేకుండా మాట్లాడింది ఆ గేటు ఒక్కటే. దాన్ని కూడా త్వరలోనే రైట్ సైజ్ చేస్తారని నా అనుమానం.

ఈ సంఘటన తర్వాత అందరూ ఆ కంపెనీని తిట్టారు. నేను మాత్రం నిఘంటువు తీశాను. ఒక మనిషి ఉద్యోగం తీసేసి, అతని ఇంట్లోనే పాయసం వండించగల భాషంటే మాటలు కాదు. దాన్ని భక్తితో అధ్యయనం చేయాలి.

చేశాను. వంకరగా, చాటుగా, మసకగా ఉన్నవాటికి ఇంగ్లీషులో ఉన్న మాటలు నాకు రెండు వంశాలుగా కనిపించాయి. మొదటిది నడక సరిగ్గా లేనివాళ్ళది. అస్పష్టమైనదానికి వాడే వేగ్ అన్న మాటకు లాటిన్ మూలం తిరుగుబోతు. దేశదిమ్మరి వాగబాండ్ దాని సొంత అన్న. రెండర్థాల యాంబిగ్యుయస్ కూడా తిరుగుడు బాపతే, కాకపోతే అటు కాసేపు, ఇటు కాసేపు. సర్కమ్‌లొక్యూషన్ చుట్టూ తిరిగి మాట్లాడుతుంది. మాట మార్చే టెర్జివర్సేషన్ వీపు తిప్పేస్తుంది. వీళ్ళందరిలో నాకు ముద్దొచ్చింది ప్రివారికేషన్, అంటే సూటిగా చెప్పకుండా మాట దాటెయ్యడం. కాళ్ళు ఎడంగా వేసి దొడ్డికాళ్ళతో నడవడం దాని మూలార్థం. రోమన్ల కోర్టుల్లో నేరం మోపినవాడే ముద్దాయితో లోపాయికారీగా కుమ్మక్కైతే అతనికి ఆ పేరు పెట్టేవారు. అరక దున్నేవాడు నడుం వంచకపోతే నాగటిచాలు వంకరపోతుందని చెప్పడానికి రోమన్ రచయిత ప్లినీ వాడిన మాట కూడా ఇదే. జ్వరంలో పలవరించే డెలీరియం సైతం నాగటిచాలు తప్పడం నుంచి వచ్చిందే. అంటే రెండు వేల ఏళ్ళ కిందట ఎవరో రైతు నాగలి పక్కకు పోనిచ్చాడు, దాని ఫలసాయం ఇవాళ మా బావమరిది మెయిల్లోకి వచ్చింది.

రెండో వంశం దీపం ఆర్పేవాళ్ళది. ఆబ్‌స్క్యూర్ అంటే చీకటి, ఒపేక్ అంటే నీడ కమ్మినది, నెబ్యులస్ అంటే మబ్బు, ఆబ్‌ఫస్కేట్ అంటే పనిగట్టుకుని నల్లగా చేయడం. ఇంత మంది దిమ్మరులు, ఇంత చీకటి. ఇక దారి తప్పకుండా ఇంటికి చేరే అర్థం ఎక్కడుంటుంది? మన దగ్గరేమో వంకర ఉంది, దానికి తోడు టింకర. ఆ టింకర కూడా విడిగా ఎక్కడా పనిచేసిన దాఖలా లేదు.

అయితే మాటలుంటే చాలదు, వాటిని వాడే పెద్దలుండాలి. ఇంగ్లీషువాళ్ళకు ఆ కొరత ఏనాడూ లేదు. బ్రిటిష్ పార్లమెంటులో తోటి సభ్యుణ్ణి అబద్ధాలకోరు అనకూడదు. 1906లో దక్షిణాఫ్రికాలోని చైనా కూలీల గురించి మాట్లాడుతూ చర్చిల్, వాళ్ళది పూర్తి అర్థంలో బానిసత్వమంటే "టెర్మినలాజికల్ ఇనెగ్జాక్టిట్యూడ్" అవుతుందన్నాడు. పరిభాషాపరమైన యథార్థలోపం అనుకోండి. పాపం ఆయన అన్నది మాట అతకదనే. కానీ అబద్ధానికి ఒక సూటూ బూటూ కోసం వెతుకుతున్న జనం దాన్ని ఎగరేసుకుపోయారు. 1986లో సిడ్నీ కోర్టులో బ్రిటన్ క్యాబినెట్ సెక్రటరీ రాబర్ట్ ఆర్మ్‌స్ట్రాంగ్‌ను ఒక ఉత్తరం గురించి నిలదీస్తే, అది అబద్ధం కాదు, నిజాన్ని పొదుపుగా వాడటం అన్నాడు. ఉల్లిపాయల ధర పెరిగినప్పుడు మా అత్తగారు చేసేది అదే. కూరలో ఉల్లి ఉందనే అంటారు.

ఈ పొదుపుకు అయ్యే ఖర్చు గురించి కూడా చెప్పాలి. 1951 ఏప్రిల్‌లో కొరియాలో ఇమ్‌జిన్ నది దగ్గర చైనా సైన్యం బ్రిటిష్ బ్రిగేడ్ మీద విరుచుకుపడింది. గ్లాస్టర్‌షైర్ బెటాలియన్ ఒక కొండ మీద ఇరుక్కుపోయింది. పరిస్థితి ఏమిటని పై అధికారి అయిన అమెరికన్ జనరల్ అడిగితే, ఆ బ్రిగేడ్ అధిపతి బ్రిగేడియర్ బ్రోడీ, "కాస్త స్టికీగా ఉందండీ" అన్నాడని యుద్ధ చరిత్రల్లో ఉంది. జిగటగా ఉందట, బెండకాయ వేపుడులాగా. బ్రిటిష్ చెవికి దాని అర్థం: మా పని అయిపోయింది, రండి. అమెరికన్ చెవికి వినపడింది: ఇబ్బందే గానీ నెట్టుకొస్తున్నారు. సాయం అవసరమైనంతగా పంపలేదు, వెనక్కి రమ్మనీ చెప్పలేదు. ఐదు వందల మందికి పైగా బందీలయ్యారు. ఇద్దరూ మాట్లాడింది ఇంగ్లీషే, దుబాసీ కూడా అక్కర్లేదు. ఆ బ్రిగేడియర్ స్థానంలో మా వీధి చివర ఇస్త్రీ బండి అతను ఉండి ఉంటే "బాబోయ్" అనేవాడు. ఆ మాట ఏ దేశపు జనరల్‌కైనా అర్థమవుతుంది.

ఈ మహాసంప్రదాయాన్ని చెరపడానికి పూనుకున్నవాళ్ళూ లేకపోలేదు. వాళ్ళలో అగ్రగణ్యుడు టెక్సాస్‌కు చెందిన మారీ మావరిక్. 1944లో ఒక ప్రభుత్వ సంస్థకు అధిపతిగా ఉంటూ, కింది ఉద్యోగులు రాసే నోట్లు చదవలేక, వాటి భాషకు "గాబుల్డీగుక్" అని పేరు పెట్టాడు. ఛాతీ విరుచుకుని అరిచే టర్కీ కోడి గుర్తొచ్చిందట. యాక్టివేషన్, ఇంప్లిమెంటేషన్ అనే మాటలు వాడినవాణ్ణి కాల్చేస్తానని మెమో కూడా పంపాడు. ఆయన తాత శామ్యూల్ మావరిక్ తన దూడలకు ముద్ర వేయకుండా వదిలేసేవాడు. అందుకే మందలో కలవని మనిషికి మావరిక్ అనే పేరొచ్చింది. తాత దూడలకు వేయని ముద్ర మనవడు మాటలకు వేశాడు. ఫలితం? ఆయన 1954లో పోయాడు. ఇంప్లిమెంటేషన్ నిక్షేపంలా ఉంది, మన సచివాలయాల్లో రోజుకు మూడు పూటలా తిరుగుతోంది. ఆ టెక్సాస్ నుంచే 2023 ఏప్రిల్‌లో స్టార్‌షిప్ రాకెట్ లేచి, నాలుగు నిమిషాలకు పేలిపోయింది. దాన్ని తయారుచేసిన స్పేస్‌ఎక్స్ కంపెనీ ఏమందంటే, "ర్యాపిడ్ అన్‌షెడ్యూల్డ్ డిస్‌అసెంబ్లీ". షెడ్యూలులో లేని శీఘ్ర విడదీత. దీపావళికి నా చేతిలో సీమటపాకాయ ఇలాగే విడదీయబడితే మా నాన్న వీపు విమానం మోత మోగించారు. ఇంగ్లీషు రాక.

అమెరికావాళ్ళు 2010లో ఏకంగా చట్టమే చేశారు. ప్రభుత్వ కాగితాలు జనానికి అర్థమయ్యేలా రాయాలని. అందులో నిబంధనలకు, అంటే రెగ్యులేషన్లకు, మినహాయింపు ఉంది. చట్టాన్ని పాటించకపోతే ఎవరూ కోర్టుకు వెళ్ళి అడగడానికి వీల్లేదని కూడా అందులోనే ఉంది. ఆ ముక్క మాత్రం ఎంత మందమతికైనా అర్థమయ్యేలా రాశారు.

ఇంత ఐశ్వర్యం ముందు మన తెలుగు నిలబడుతుందా అని రాత్రిళ్ళు బెంగగా ఉంటుంది. మనకూ చాటుమాటలున్నాయి. డబ్బాలో బియ్యం అయిపోతే అయిపోయాయని అనకూడదు, నిండుకున్నాయి అనాలి. దీపం ఆరిపోతే కొండెక్కింది. పాము కరిస్తే పురుగు ముట్టింది. గుమ్మం దాటేవాడు వెళ్తాననకూడదు, వెళ్ళొస్తాననాలి. వినడానికి బాగానే ఉంటాయి గానీ, నిపుణుడి దృష్టితో చూస్తే వీటిలో ఘోరమైన లోపం ఒకటుంది. అందరికీ అర్థమైపోతాయి. అత్తగారు "బియ్యం నిండుకున్నాయండీ" అంటే మామగారు సంచీ అందుకుంటారే గానీ, "భేష్" అని పడక్కుర్చీలో కాళ్ళు చాపరు. చెప్పేవాళ్ళకూ తెలుసు, వినేవాళ్ళకూ తెలుసు, చెడ్డమాట నోట రానివ్వకుండా పని జరిగిపోతుంది. ఇలాంటి మాటలతో ఒక్క ఉద్యోగం తీయగలమా? ఒక్క పరమాన్నం వండించగలమా?

పురాణాల్లో పునాది గట్టిగానే పడింది. "అశ్వత్థామ హతః" అని ధర్మరాజు గట్టిగా అని, "కుంజరః" అని గొణిగాడు. దానికి ఆయన రథం నేలకు నాలుగు అంగుళాలు దిగింది. ఇప్పటి వాహనాల్లో ఆ ఏర్పాటు లేకపోవడం వల్ల వ్యాపారం నిరాటంకంగా సాగుతోంది. ఫ్లాట్ల ప్రకటనలో చుక్క గుర్తు పక్కన చీమ తలకాయంత అక్షరాల్లో ఉండేది కుంజరమే. మ్యూచువల్ ఫండ్ ప్రకటన చివర ఒకతను గుక్క తిప్పుకోకుండా తరిమే వాక్యంలోనూ ఉన్నది కుంజరమే. ఏనుగు అంత వేగంగా పరిగెత్తడం ప్రకృతిలో ఇంకెక్కడా కనపడదు.

నిరాశ పడాల్సిన పనిలేదని మామగారు నన్ను ఓదార్చారు. తెలుగులోనూ తమ డిపార్టుమెంటు కొంత కృషి చేసిందట. "తగు చర్య నిమిత్తం పంపడమైనది" అన్న వాక్యం చూపించారు. ఎవరు పంపారు? లేడు. ఎవరు చేయాలి? వాడూ లేడు. తగు చర్య అంటే ఏమిటి? అది తగినవాళ్ళకు తెలుస్తుంది. కర్తనూ కర్మనూ మాయం చేసి, క్రియను ఒంటరిగా నడిరోడ్డు మీద నిలబెట్టిన ఈ "డమైనది" మీద పరిశోధనకు విశ్వవిద్యాలయాలు నిధులివ్వాలి. తెలుగును ప్రపంచ భాషల సరసన కూర్చోబెట్టగల ప్రత్యయం ఇదొక్కటే. దీన్ని ఇంట్లో వాడి చూశాను. "కరెంటు బిల్లు కట్టడం మరవడమైనది" అన్నాను మా ఆవిడతో. "ఎవరు మరిచారు?" అంది. ఇంకా ప్రయోగ దశలోనే ఉంది.

మూడు నెలల్లో మా బావమరిది తొమ్మిది ఇంటర్వ్యూలకు వెళ్ళాడు. పాత ఉద్యోగం ఎందుకు వదిలారని అడిగినప్పుడల్లా "ట్రాన్సిషన్" అంటున్నాడట, అవతలివాళ్ళు తల ఊపుతున్నారట. మొన్న శనివారం సాయంత్రం ఫోన్ టింగుమంది. "మెయిల్ వచ్చింది" అని వాడు హాల్లోంచి కేకేశాడు. అలవాటు కొద్దీ అత్తగారు పాలగిన్నె పొయ్యి మీద పెట్టేశారు.

ఫోన్ చేతులు మారి మామగారి దగ్గరికి చేరింది. మెయిల్ పెద్దదే. మీ ప్రతిభ మమ్మల్ని ముగ్ధుల్ని చేసిందని ఒక పేరా. మీరు వెచ్చించిన సమయానికి కృతజ్ఞతలని ఇంకో పేరా. భవిష్యత్తులో అనువైన అవకాశాల కోసం మీ ప్రొఫైల్‌ను మా డేటాబేస్‌లో పదిలంగా ఉంచుతాం అని చివర్లో. ఆయన ఈసారి పైకి చదవలేదు. రెండుసార్లు లోపలే చదువుకుని, కళ్ళజోడు తీసి పంచె కొంగుతో తుడుచుకున్నారు.

"ఏమన్నారండీ?" అని వంటింట్లోంచి అత్తగారు అడిగారు.

"నిండుకున్నాయట" అన్నారు మామగారు.

స్టవ్ కట్టేసిన టిక్కుమనే చప్పుడు హాల్లోకి వినపడింది.