మూడో భాగం రొట్టె

నెల్లూరు స్వర్ణాల చెరువులో మోకాలి లోతు నీళ్లలో నిలబడి నేను రొట్టె తింటున్న వీడియో మీ ఫోనుకు ఇంకా రాకపోతే, సాయంత్రానికి వస్తుంది. ఆ వీడియో కింద రాసింది మాత్రం నమ్మకండి.

నాకూ మా మేనకోడలికీ ఒకటే పిచ్చి. మంత్రాలు, డ్రాగన్లు, రాజ్యం పోగొట్టుకున్న పదహారేళ్ల పిల్లలు ఉండే నవలలు. అది ఇంటర్ చదువుతోంది కాబట్టి దానికి ఆ వయసు ఉంది. నేను రిటైర్మెంటుకు దగ్గరపడ్డాను. చందమామలో దాసరి సుబ్రహ్మణ్యం గారి సీరియల్ కోసం నెలంతా కాచుకుని పెరిగినవాణ్ణి, ఆ అలవాటు ఎక్కడికి పోతుంది? ఇప్పుడు మేమిద్దరం చదువుతున్న మూడు భాగాల నవలలో రెండో భాగం చివర కథానాయికను బురుజు మీద నుంచి తోసేశారు. ఆమె కింద పడుతూనే ఉంది, మూడో భాగాన్ని ప్రచురణకర్తలు వాయిదా వేస్తూనే ఉన్నారు. "ఇదేం చూశావు, అమెరికన్ రచయిత్రి లె గ్విన్ రాసిన ఎర్త్‌సీ మంత్రాల నవలల్లో మూడోది 1972లో వస్తే నాలుగోది 1990లో వచ్చింది" అని ఓదార్చబోయాను. "పద్దెనిమిదేళ్లా! అప్పటికి నాకు ముప్పై అయిదు, నీకేమో..." అని లెక్క వేసి, మర్యాద కొద్దీ ఆగిపోయింది.

ఆ తర్వాత రొట్టెల పండుగకు వెళ్దామన్నది కూడా అదే.

నెల్లూరు తెలియనివారి కోసం చెప్పాలి. మొహర్రం నెలలో బారాషహీద్ దర్గా పక్కన ఈ చెరువులో దిగి, కోరిక ఉన్నవాళ్లు రొట్టె పుచ్చుకుంటారు. అది తీరితే మరుసటి ఏడు రొట్టె తెచ్చి ఇంకొకరికి ఇస్తారు. నీది ఏ మతమని అక్కడ ఎవరూ అడగరు. ఏ రొట్టె అని మాత్రం అడుగుతారు.

"ఏ రొట్టె సార్?" అన్నాడు మైకు పట్టుకున్న వాలంటీరు.

ఇక్కడ మనం కాస్త ఆగాలి. చుట్టూ బోర్డులు ఉన్నాయి. చదువు, ఉద్యోగం, పెళ్లి, సంతానం, సొంత ఇల్లు, ఆరోగ్యం, వ్యాపారం, వీసా. మనిషికి ఉండదగ్గ కోరికల జాబితా ఎవరో కూర్చుని పకడ్బందీగా తయారు చేశారు. ఊరికే ఇష్టం కొద్దీ కావలసిన వాటికి అందులో చోటు లేదు. ఉంటే ఆ బోర్డు కింద నేను ఒక్కణ్ణే నిలబడేవాణ్ణనుకోను. ఆ మెడకు మఫ్లరు చుట్టుకున్న పెద్దమనిషి నిజంగా వ్యాపారం రొట్టె కోసమే వచ్చాడా? ముఖం చూస్తే వీణ నేర్చుకోవాలని ఉన్నట్టుంది.

"నవల రొట్టె" అన్నాను, ఎంత మెల్లగా అనగలనో అంత మెల్లగా.

"అది లేదు సార్. పుస్తకం కదా, చదువులోకి వస్తుంది" అని నన్ను ఒక బోర్డు కింద నుంచి ఇంకో బోర్డు కిందికి తోసి, మైకులో అందుకున్నాడు. "నీలం చొక్కా సారుకు చదువు రొట్టె కావాలి. పాసైనవాళ్లు ఎవరైనా ఉంటే ముందుకు రండి!"

జనం చొక్కా రంగు చూశారు, తర్వాత నా జుట్టు రంగు చూశారు. కనిగిరి నుంచి వచ్చిన అవ్వ ఒకావిడ నీళ్లు చీల్చుకుంటూ వచ్చింది. వాళ్ల మనవడు లెక్కల్లో గట్టెక్కాడట.

"నీకు ఏది పోయింది నాయనా?"

నేను నోరు తెరిచేలోపు మా మేనకోడలు, "మామయ్యకు మూడో భాగం రావాలి అవ్వా" అంది.

"రెండు భాగాలు అయిపోయాయా?"

"రెండూ రెండేసి సార్లు చదివాడు."

"రెండేసి సార్లా!" అవ్వ కళ్లలో నీళ్లు తిరిగాయి. "మావాడు లెక్కలు మూడుసార్లు రాశాడు. సిగ్గుపడకు. రాత్రిళ్లు చదువుతున్నావా?"

చదువుతున్నాను. రాత్రి రెండింటి దాకా చదువుతున్నాను. అబద్ధం ఎలా చెప్పను? తల ఊపాను. అవ్వ బెల్లం పెట్టిన రొట్టె నా చేతిలో పెట్టి, నా తల మీద చెయ్యి వేసి, వచ్చే ఏడు పాసై వచ్చి ఇంకొకరికి ఇవ్వమంది. సరిగ్గా అప్పుడే ఫోను కర్రకు తగిలించుకున్న యూట్యూబ్ ఛానల్ కుర్రవాడు నీళ్లలో ప్రత్యక్షమయ్యాడు. రొట్టె నోట్లో ఉన్నవాణ్ణి ప్రశ్నలు అడగడం వీళ్లకు ఎక్కడ నేర్పుతారో తెలియదు. "ఈ వయసులో మీకు స్ఫూర్తి ఎవరు సార్?" అన్నాడు. నోరు నిండా బెల్లం. జవాబు మా మేనకోడలు చెప్పింది: "బురుజు మీద నుంచి పడిపోయిన ఒక అమ్మాయి." వాడు ఆ ముక్క కోసేసి, దాని స్థానంలో విషాద సంగీతం పెట్టాడు. కింద "యాభై దాటినా తగ్గని పట్టుదల: పదో తరగతి కోసం చెరువులో దిగిన ఉద్యోగి" అని వేశాడు. అవ్వ కనీసం పై చదువనుకుంది. వీడు తిన్నగా పదికి దించాడు.

ఆఫీసులో అందరూ కరచాలనం చేశారు. అటెండరు వాళ్లబ్బాయి పాత లెక్కల గైడు తెచ్చి నా బల్ల మీద పెట్టాడు. మా అధికారి ఒక్కరే వీడియో చూసి నవ్వలేదు. నా సర్వీసు రిజిస్టరు తెప్పించుకుని, డిగ్రీ అని ఉన్నచోట వేలు పెట్టి చాలాసేపు చూశారట. సోమవారం ఒరిజినల్ సర్టిఫికెట్లతో రమ్మన్నారు. అవి అటక మీద ఉన్నాయి, నిచ్చెనేమో పక్కింటివారు పట్టుకెళ్లారు.