పాత ట్రాక్టరులో ప్రమోషన్లు ఉండవు

పాత ట్రాక్టరు గేరు బాక్సుకు సర్వీసు రూల్సు తెలియవు. కారులోనో మోటారు సైకిలు మీదో ఫస్టులో చేరిన మనిషి రెండు, మూడు, నాలుగు అంటూ వరసగా పైకి పోతాడు. సీనియారిటీకి దక్కాల్సిన మర్యాద అది. లోడు ట్రాలీ తగిలించిన పాత ట్రాక్టరులో మాత్రం ఏ గేరులో ఉద్యోగంలో చేరితే అదే గేరులో రిటైరవ్వాలట. ఇంక్రిమెంటు కావాలంటే చేతి యాక్సిలరేటరు ఉంది, దాంతో సరిపెట్టుకోవాలట. ఈ పెత్తనం మీద తిరగబడి, నడుస్తున్న బండిలోనే ప్రమోషను లాక్కునే వీరులు ఉన్నారు. వాళ్ళ తరఫున నాలుగు మాటలు చెప్పేవాళ్ళే లేకపోయారు. ఆ లోటు తీర్చడానికే ఈ ప్రయత్నం.

న్యాయంగా ముందు గేరు బాక్సు వాదన విందాం. పాతవాటిలో చాలా మటుకు గేరు మార్చడమంటే పళ్ళ చక్రం చక్రమే షాఫ్టు మీద పక్కకు జరిగి, ఇంకో చక్రం పళ్ళ సందుల్లోకి దూరడం. స్లైడింగ్ మెష్ అంటారు. రెండు చక్రాల వేగాన్ని ముందుగా సమం చేసిపెట్టే సింక్రో రింగుల్లాంటి దళారులు అక్కడ ఎవరూ ఉండరు. రెండూ ఆగి అయినా ఉండాలి, రెండింటి పళ్ళూ ఒకే వేగంతో తిరుగుతూ అయినా ఉండాలి. కాకపోతే పన్ను వెళ్ళి పంటి అంచును కొడుతుంది. ఆ చప్పుడే మనవాళ్ళు మురిసిపోయే 'కర్ర్ర్'. గేరు పడుతున్న చప్పుడని చాలామంది అనుకుంటారు. అది పడనంటున్న చప్పుడు.

వీరుల్లో కొంచెం చదువుకున్నవాళ్ళు డబుల్ క్లచ్ పేరెత్తుతారు. గౌరవించాల్సిన విద్యే. రెండో గేరులో 2000 ఆర్‌పీఎం (ఇంజను నిమిషానికి తిరిగే చుట్లు) దగ్గర బండి గంటకు 4 కిలోమీటర్లు, మూడో గేరులో అదే ఆర్‌పీఎం దగ్గర 6 కిలోమీటర్లు పోతుందనుకోండి. 4 కిలోమీటర్ల వేగంలో మూడో గేరు ఒప్పుకోవాలంటే ఇంజను వైపు షాఫ్టు 1333కు దిగాలి. అందుకని క్లచ్ తొక్కి న్యూట్రల్ చేస్తారు. న్యూట్రల్లో క్లచ్ వదిలి, యాక్సిలరేటరు తగ్గించి, ఇంజను గొంతు దిగేదాకా ఆగుతారు. మళ్ళీ క్లచ్ తొక్కి లివరు నెడతారు. కింది గేరుకు వచ్చేటప్పుడు ఇదే పని తిరగేసి, న్యూట్రల్లో ఉండగా కాస్త రేజ్ ఇస్తారు. ఖాళీ బండి, చదును రోడ్డు, అలవాటైన చెయ్యి, ఈ మూడూ కలిస్తే గేరు వెన్నలో కత్తిలా దిగుతుంది.

ఇందులో లేనిది ట్రాలీ ఒక్కటే.

గంటకు 4 కిలోమీటర్లంటే సెకనుకు మీటరు చిల్లర. మెత్తటి నేలలో చక్రాలను పట్టి వెనక్కి లాగే బలం మొత్తం బరువులో పదో వంతు ఉందనుకుంటే, క్లచ్ తొక్కిన సెకను పైచిలుకులో బండి నిలబడిపోతుంది. గట్టి రోడ్డే అయినా నూటికి అయిదు ఎత్తు ఉంటే సెకనున్నర. ఇంజను గొంతు దిగేదాకా ఆగుదామని మన వీరుడు చెవి ఒగ్గేలోపు బండే ఆగిపోతుంది. ఇప్పుడు ఎత్తు మీద ఆగిన లోడును, రెండులో లాగుతున్న లోడును, మూడులో లేపాలి. ప్రమోషను వచ్చిన చోటే సస్పెన్షను.

లేపడానికి బ్రహ్మాస్త్రం ఉండనే ఉంది, హాఫ్ క్లచ్. ఇంజను గట్టిగా రేజ్ చేసి, పెడలు సగం వదిలి, క్లచ్ ప్లేటు జారుతుండగా లోడును బతిమాలడం. ప్లేటు మీది లైనింగు మాడి కంపు కొడుతుంది, దాన్ని అదిమిపట్టే ప్రెషర్ ప్లేటు మీద నీలం మచ్చలు తేలతాయి. మాడిన లైనింగు అద్దంలా నున్నబడితే ఆ తరవాత ఏ గేరులోనైనా క్లచ్ జారుతూనే ఉంటుంది. ఇంజను మోత పెరుగుతుంది, బండి వేగం పెరగదు. జారుడు బాధ పడలేక పెడలు ఠక్కున వదిలేసేవాళ్ళకు ఇంకో బహుమతి ఉంది. ఎత్తు మీద, బరువు లాగుతూ, వెనక చక్రాలు ఒక్కసారిగా పట్టు దొరకబుచ్చుకుంటే ముందు చక్రాలు గాల్లోకి లేస్తాయి. ట్రాలీ కొక్కెం వెనక ఇరుసు కంటే కిందనున్న డ్రాబారుకు కాకుండా పైనెక్కడో తగిలించిన పుణ్యాత్ముడికైతే ఆ లేవడం ఎక్కడ ఆగుతుందో చూసుకునే వ్యవధి కూడా దొరకదు.

ఇంతకీ ఈ ప్రమోషను అవసరమా అని గిట్టనివాళ్ళు అడుగుతారు. వాళ్ళ వాదన చప్పగా ఉంటుంది కానీ వినిపిస్తాను. డీజిల్ ఇంజనుకు గవర్నరు ఉంది. చేతి యాక్సిలరేటరును ఒక చోట పెడితే బరువు పెరిగినా తగ్గినా ఆ ఆర్‌పీఎంను అటూ ఇటూగా నిలబెట్టేలా డీజిలు పోస్తుంది. ఒకే గేరులో 1000 నుంచి 2000కు పెంచితే వేగం రెండు రెట్లవుతుంది, లివరు ముట్టుకోకుండానే. కాబట్టి బయలుదేరకముందే దారిలో అన్నిటికంటే గడ్డు చోటు ఏదో ఆలోచించి, ఆ చోటికి సరిపడే గేరు వేసి, 1000 పైచిలుకులో క్లచ్ నిదానంగా వదిలి, బండి కదిలాక యాక్సిలరేటరు పెంచుకోమంటారు. గేరు సరైనదో కాదో తేల్చడానికి పరీక్ష కూడా చెబుతారు. లాగుతుండగా యాక్సిలరేటరు ఇంకాస్త తెరవండి. ఇంజను వెంటనే అందుకుంటే గేరు సరిపోయినట్టు. అందుకోకుండా నల్లపొగ కక్కుతూ గొంతు దిగజారిపోతుంటే ఒక గేరు తక్కువ వేయాల్సింది. అప్పుడు మొండికేయకుండా, ఇంజను ఆగిపోకముందే, రెండు బ్రేకు పెడళ్ళూ కలిపి తొక్కి బండి నిలపాలి. ట్రాలీ చక్రాల వెనక రాళ్ళు పెట్టించి, క్లచ్ పూర్తిగా నొక్కి, అయిదు లెక్కపెట్టి కింది గేరు వేయాలి. ఆగిన బండిలో పన్నుకు పన్ను ఎదురొచ్చి గేరు పడకపోతే న్యూట్రల్లో క్లచ్ ఒకసారి వదిలి మళ్ళీ తొక్కితే చాలు, షాఫ్టు కాస్త తిరిగి సందు దొరుకుతుంది. అయిదు లెక్కపెట్టినా కర్ర్రుమంటోందంటే నేరం గేరుది కాదు, క్లచ్ పూర్తిగా విడవడం లేదు. ముందు పెడలు ఫ్రీ ప్లే, అంటే క్లచ్ మీద పని మొదలయ్యేలోపు పెడలు వదులుగా కదిలే దూరం, చూసుకోవాలి. ఎక్కువైతే క్లచ్ విడవదు, బొత్తిగా లేకపోతే జారుతుంది, క్లచ్‌ను విడదీసే రిలీజ్ బేరింగు అరిగిపోతుంది. ఇంత ఓపికున్న మనిషి ట్రాక్టరు తోలడమెందుకు, తపస్సు చేసుకోవచ్చు.

వీరత్వం పూర్తిగా వికసించేది దిగుడులో. డీజిలు మిగులుతుందని న్యూట్రల్ చేస్తారు, లేదా గేరులోనే ఉంచి క్లచ్ తొక్కిపెడతారు. నూటికి పది వాలున్న గట్టి రోడ్డు మీద ఇలా వదిలేసిన లోడు 4 కిలోమీటర్ల వేగం నుంచి అయిదు సెకన్లలో సుమారు 16కు పోతుంది. వేగం నాలుగు రెట్లు, ఆపడానికి బ్రేకులు మింగాల్సిన శక్తి పదహారు రెట్లు. న్యూట్రల్ వీరుడు ఇప్పుడు గేరు వేయబోతాడు. ఆ వేగానికి రెండో గేరు ఒప్పుకోవాలంటే షాఫ్టు 8000 ఆర్‌పీఎం తిరగాలి. పాత డీజిల్ ఇంజను ఆ అంకెను జన్మలో చూడలేదు, కాబట్టి గేరు పడదు. క్లచ్ వీరుడిది ఇంకా ముచ్చటైన పరిస్థితి. అతని గేరు వేసే ఉంది గనక క్లచ్ ప్లేటు ఆ 8000 నిజంగానే తిరుగుతోంది. లైనింగు ముక్కలై హౌసింగులో ఎగిరిపోవడానికి అది చాలు. ఈలోగా బ్రేకులు లేని ట్రాలీ వెనక నుంచి తోసి ట్రాక్టరును పక్కకు మడిచేస్తుంది. ఎక్కిన గేరులోనే, వీలైతే ఇంకా కింది గేరులోనే, క్లచ్ మీద నుంచి కాలు తీసి దిగే పిరికివాళ్ళు మాత్రం యాక్సిలరేటరు తగ్గించి, ఇంజనుతోనే పట్టి ఆపుకుంటూ, నిమిషాల తరబడి నత్తలా వస్తారు. వెనకనున్నవాళ్ళు హారన్లు కొడతారు.

గేర్లన్నిటినీ ఒక్క దెబ్బతో వేగం రేంజికో నిదానం రేంజికో మార్చే హై-లో లివరు గురించి ఒక్క మాట. రెండు రేంజిల మధ్య తేడా మూడు నాలుగు రెట్లుంటుంది. నడుస్తుండగా దాని మీద చెయ్యేసేవాళ్ళను వీరులు కూడా తమలో కలుపుకోరు.

ఇన్ని విన్యాసాలు చేశాక గేరు బాక్సు ఒక దశలో పోరాటం మానేస్తుంది. పళ్ళ అంచులు గుండ్రబడి, చక్రాన్ని పక్కకు జరిపే ఫోర్కు అరిగి, ఆ ఫోర్కు కడ్డీని పట్టి ఉంచే గోలీ వెనక స్ప్రింగు నీరసించి, వేసిన గేరు దానంతటదే ఊడి న్యూట్రల్లోకి వచ్చేస్తుంటుంది, అదీ సరిగ్గా దిగుడులో, లోడు తోస్తున్నప్పుడు. దీనికి కవరు విప్పి గోలీ, స్ప్రింగు, ఫోర్కు చూడడం పాతకాలపు పద్ధతి. లివరును సీటుకు తాడేసి కట్టడం ఆధునిక పద్ధతి. తాడు లేనివాళ్ళు చేత్తో నొక్కి పట్టుకుంటారు. ఆ ఒత్తిడంతా వెళ్ళి అరిగిన ఫోర్కు మీదే పడుతుంది, అది ఇంకాస్త త్వరగా అరుగుతుంది.

ఎవరెన్ని ప్రమోషన్లు తీసుకున్నారో ఆయిలు మార్చే రోజున తెలుస్తుంది. డ్రెయిన్ ప్లగ్గుకు అయస్కాంతం ఉంటే దాని మీద బూడిద రంగు ముద్ద మెత్తగా కాస్త అంటుకుని ఉండడం మామూలే, మామూలు అరుగుదల అది. పాత ఆయిలును గుడ్డలో వడగట్టి చూడండి. గోరంత ముక్క, ఒక పక్క నున్నగా మెరుస్తూ, ఇంకో పక్క చక్కెర పలుకుల్లా గరుకుగా దొరికితే అది పంటిది. హైడ్రాలిక్కుకూ గేరు బాక్సుకూ ఒకే ఆయిలు ఉన్న బండ్లలో ఆ ముక్క తమ్ముళ్ళు ఇప్పటికే పంపు దాకా వెళ్ళి వచ్చి ఉంటారు. ముక్కను జాగ్రత్తగా ఉంచి, కవరు తీసి, చక్రాలను చేత్తో తిప్పుతూ పళ్ళు ఒక్కొక్కటే చూస్తూ పోతే అది ఏ గేరులో అతికేదో దొరుకుతుంది. సాధారణంగా మూడో గేరు.