శిథిలావస్థ ధ్రువపత్రం వారికి బహిరంగ లేఖ

పాత భవనం కూలే స్థితిలో ఉందని రాసిచ్చి కూల్చివేతకు దారి తెరిచే మహారాజరాజశ్రీ శిథిలావస్థ ధ్రువపత్రం వారి దివ్యసముఖమునకు, పాత కట్టడాల పరిరక్షణ కమిటీ సభ్యుడొకడు నమస్కరించి విన్నవించుకునేది ఏమనగా:

నూరేళ్లపాటు గాలివానలకు చలించని భవనం, ఆ స్థలంలో బహుళ అంతస్తుల నిర్మాణానికి నమూనా సిద్ధమైన వారంలోనే కూలిపోయే స్థితికి చేరిందని తమరు కనిపెట్టగలగడం మాకు ఎప్పటికీ అబ్బురమే. తమరి రాకకు ముందు జరిగే ఏర్పాట్లు మాత్రం మేము దగ్గరుండి చూస్తున్నాము. మొదట పైకప్పు మీద నాలుగు పెంకులు మాయమవుతాయి. వాననీటి గొట్టం పూడుకుపోతే తీయించే నాథుడు ఉండడు. దూలాల చివరలు గోడలో కూర్చునే చోటికి నీరు దిగి, చెక్కను లోలోపలే కుళ్లబెడుతుంది. మరమ్మతు పేరిట సున్నపు గోడలకు సిమెంటు పూసి, లోపలి చెమ్మ బయటికి పోయే దారి కూడా మూసేస్తారు. ఆపైన మూడు వానాకాలాలు ఓపిక పడితే చాలు, తమరు సంతకంతో సహా వేంచేస్తారు. తమరి పుటల్లో ‘కాలగతి వల్ల’ అని ఉంటుందే తప్ప, ఆ కాలానికి నిచ్చెన వేసి పెంకులు తీయించినవారెవరో ఉండదు.

తమరి దాకా ఆగలేని తొందరపాటు మనుషులూ ఉన్నారు. లండన్‌లో ఫైర్‌స్టోన్ కర్మాగారానికి రక్షిత హోదా రానున్న తరుణంలో, 1980 ఆగస్టులో, వారాంతపు సెలవులు చూసుకుని దాని ముఖభాగాన్ని పడగొట్టారు. అదే నగరంలో 2015లో కార్ల్‌టన్ టావెర్న్ అనే పానశాలను అనుమతి లేకుండా కూల్చినవారికి మాత్రం, స్థానికుల పట్టుదల వల్ల, ఉన్నదున్నట్టు తిరిగి కట్టాలని ఆదేశం వచ్చింది. 2021లో అది మళ్లీ తలుపులు తెరిచింది. ముందుగా తమరిని ఆశ్రయించకపోవడమే వారి పొరపాటు కాబోలు.

సిడ్నీలో 1970ల ఆరంభంలో ఇంకా విడ్డూరం జరిగింది. రాక్స్ ప్రాంతపు పాత ఇళ్లను కూల్చబోమని, నివాసులు కోరిన మీదట, భవన నిర్మాణ కార్మిక సంఘమే పని నిరాకరించింది. గడ్డపార పట్టే చేయి దొరకనప్పుడు తమరంతటి వారు కూడా ఉత్త కాగితమే కదా.

మా కమిటీకి అంతటి బలం లేదు. నెలకొకసారి ఎదురింటి మేడెక్కి, తేదీ కనబడేలా పైకప్పు ఫోటోలు తీయడం ఒక్కటే మాకు చేతనైన పని. ప్రతులు జతపరిచాము. ఈ లేఖ రాసేనాటికి పెంకులన్నీ ఉన్నవి, లెక్కపెట్టాము.

ఇట్లు,
తమరి రాకను కోరని
కమిటీ సభ్యుడు