ఇరవై ఆరు వారాల తర్వాత బిడ్డను ఎవరు చూడాలి?

ప్రసూతి ప్రయోజనాల చట్టాన్ని 2017లో సవరించి, తొలి ఇద్దరు పిల్లల వరకు జీతంతో కూడిన సెలవును 12 వారాల నుంచి 26 వారాలకు పెంచారు. తల్లికీ బిడ్డకూ ఎంతో మేలు చేసిన సవరణ అది. అయినా కాన్పు తర్వాత ఉద్యోగం మానేసినవారు మన బంధువుల్లో, ఇరుగుపొరుగులో ఇప్పటికీ కనిపిస్తూనే ఉన్నారు. సెలవు అయిపోయేనాటికి బిడ్డకు ఆరు నెలలు ఉంటాయి. అంగన్‌వాడీలో పూర్వ ప్రాథమిక తరగతికి తీసుకునేది మూడేళ్లు నిండాక. మధ్యలోని రెండున్నరేళ్లు బిడ్డ ఎక్కడ ఉండాలో వ్యవస్థ చెప్పదు కాబట్టి చివరికి తల్లే రాజీనామా చేస్తోంది.

50 మంది, అంతకు మించి ఉద్యోగులున్న సంస్థ క్రెచ్ (శిశు సంరక్షణ కేంద్రం) నడపాలని, తల్లి రోజుకు నాలుగుసార్లు వెళ్లి బిడ్డను చూసుకోవడానికి వీలివ్వాలని అదే సవరణ నిర్దేశించింది. అయితే మన పట్టణాల్లో ఎందరో మహిళలకు పని దొరికే చిన్న ప్రైవేటు బడులు, నర్సింగ్ హోమ్‌లు, డయాగ్నస్టిక్ కేంద్రాలు ఆ సంఖ్యను చేరుకోవు. పెద్ద కంపెనీలో క్రెచ్ ఉన్నా, ఏడాది నిండని బిడ్డను ఉప్పల్ నుంచి గచ్చిబౌలి దాకా రోజూ ఆ ట్రాఫిక్‌లో తిప్పడానికి ఏ తల్లికి మనసొప్పుతుంది? అందుకే అమ్మమ్మ కొన్ని నెలలు, నాయనమ్మ కొన్ని నెలలు వంతులు వేసుకుని ఊరి నుంచి వచ్చి ఉంటున్నారు. ఆ పెద్దవాళ్ల ఆరోగ్యం బాగున్నంత కాలమే ఇంటి ఆడపిల్ల ఉద్యోగం నిలుస్తుంది. ఇక ఇంట్లో పని పంపకం సంగతి 2019 నాటి జాతీయ సమయ వినియోగ సర్వేలోనే తేలింది: ఇంటి పనిలో పాలుపంచుకునే మహిళలు రోజుకు సగటున 299 నిమిషాలు దానికి వెచ్చిస్తుంటే, పురుషులు వెచ్చిస్తున్నది 97 నిమిషాలు.

బిడ్డను బడిలో వేశాక మళ్లీ ఉద్యోగం వెతుక్కునే మహిళకు ఎదురయ్యే చిక్కుల గురించి మాట్లాడితే, అందరూ ముందుగా ఎత్తేది నైపుణ్యం పాతబడిందన్న మాట. కానీ కొత్త టూల్ నేర్చుకోవడానికి కొన్ని నెలలు చాలు. అసలు అడ్డు నియామక పద్ధతిలోనే ఉంది. చాలా కంపెనీల్లో హెచ్‌ఆర్ విభాగం గత మూడు నెలల పే స్లిప్పులు అడుగుతుంది. నాలుగేళ్లు ఇంట్లో ఉన్న మనిషి అవి ఎక్కడినుంచి తెస్తుంది? ఆఖరున తీసుకున్న జీతం మీద ఇంత శాతం పెంపు అని లెక్క కడతారు కాబట్టి, నాలుగేళ్ల నాటి జీతమే కొత్త ప్యాకేజీకి పునాది అవుతుంది. తనతోపాటు చేరిన సహోద్యోగి ఈలోగా టీమ్ లీడ్ అయి ఉంటాడు. ఆమెను అతని కింద, తన పాత హోదాకంటే ఒక మెట్టు దిగువన కూర్చోబెడతారు. ఆ తేడా మరుసటి ఏడాది ఇంక్రిమెంటుతో పోయేది కాదు, పదవీ విరమణ దాకా వెంట వస్తుంది. పిల్లల్ని ఎవరు చూసుకుంటారన్న ప్రశ్న ఇంటర్వ్యూలో ఆడవాళ్లకు తప్పడం లేదు. ఒక్క మగ అభ్యర్థినైనా అలా అడిగారని నేను ఇంతవరకూ వినలేదు.

అమెరికా గణాంకాలను దశాబ్దాల తరబడి పరిశీలించి 2023లో అర్థశాస్త్ర నోబెల్ అందుకున్న క్లాడియా గోల్డిన్, స్త్రీ పురుషుల వేతనాల మధ్య అంతరం ముఖ్యంగా తొలి బిడ్డ పుట్టాక పెరుగుతోందని చూపించారు. ఏ వేళలో పిలిచినా అందుబాటులో ఉండేవారికే ఎక్కువ జీతమిచ్చే ఉద్యోగాలు అందుకొక ప్రధాన కారణమని ఆమె వివరించారు. రాత్రి తొమ్మిదింటికి అమెరికా క్లయింటుతో కాల్ మొదలయ్యే హైదరాబాద్ ఐటీ ఉద్యోగికి ఇది విడమరచి చెప్పనక్కరలేదు.

రాజీనామా సమయంలో జరిగే మరో నష్టం చాలామంది దృష్టికి రాదు. ఇంటి అవసరాలకని పీఎఫ్‌తోపాటు పెన్షన్ వాటాను కూడా తీసేసుకుంటే, ఈపీఎస్ (ఉద్యోగుల పెన్షన్ పథకం) కింద పెన్షన్‌కు కావలసిన పదేళ్ల సర్వీసు మళ్లీ మొదటినుంచి లెక్కకు వస్తుంది. దాన్ని తీయకుండా, పాత సర్వీసును ధ్రువీకరించే స్కీమ్ సర్టిఫికెట్ తీసుకుంటే పాత సర్వీసు కొత్త ఉద్యోగంలో కలుస్తుంది. ఈ మాట రాజీనామా పత్రం అందుకున్న రోజే హెచ్‌ఆర్ అధికారి చెప్పాలి.

ప్రభుత్వోద్యోగాల వైపు చూస్తే పరిస్థితి వేరుగా ఉంది. కేంద్ర ప్రభుత్వ మహిళా ఉద్యోగులకు సర్వీసు మొత్తంలో 730 రోజుల శిశు సంరక్షణ సెలవు ఉంది. ఆంధ్రప్రదేశ్ తన మహిళా ఉద్యోగులకు 2022లో ఈ సెలవును 60 రోజుల నుంచి 180 రోజులకు పెంచింది. బిడ్డకు పరీక్షలున్నా జబ్బు చేసినా ఆ సెలవు వాడుకుని టీచరమ్మ తిరిగి తన బడికే, తన సీనియారిటీతోనే వెళుతుంది. పిల్లల్ని పెంచాలంటే ఉద్యోగం వదలక తప్పదన్న వాదన నిలవదని చెప్పడానికి ఇంతకంటే ఏం కావాలి? పరిశోధన రంగంలో విరామం తీసుకున్న మహిళల కోసం కేంద్ర శాస్త్ర సాంకేతిక శాఖ ప్రత్యేక పథకాలు నడిపింది, టాటా సంస్థ 2008లోనే రెండో కెరీర్ ఇంటర్న్‌షిప్ తెచ్చింది. మంచివే, కానీ ఇలాంటివి అందేది కొద్దిమందికే.

ప్రైవేటు యజమానిని తప్పుపట్టే ముందు చట్టంలోని ఒక లోపాన్ని ఒప్పుకోవాలి. ప్రసూతి వేతనాన్ని బీమా నుంచి చెల్లించే ఈఎస్‌ఐ పరిధిలో లేని ఉద్యోగినికి 26 వారాల జీతం మొత్తం ఆ ఒక్క సంస్థే భరించాలి. పెళ్లైన యువతిని చేర్చుకోవడానికి చిన్న కంపెనీ వెనకాడేలా చేసేది ఈ భారమే. ప్రసూతి వేతనాన్ని సామాజిక బీమా నుంచో ప్రభుత్వ నిధుల నుంచో ఇవ్వాలన్నది అంతర్జాతీయ కార్మిక సంస్థ 2000 సంవత్సరపు ఒప్పందంలోని ప్రధాన సూత్రం. మన దేశం దాన్ని పాటించి ఖర్చులో వాటా తీసుకోవాలి. తండ్రికి కూడా చట్టబద్ధమైన సెలవు రావాలి; కేంద్ర ప్రభుత్వోద్యోగికి 15 రోజులుంటే, ప్రైవేటు ఉద్యోగికి చట్టం ప్రకారం ఒక్కరోజు కూడా లేదు. పిల్లల కోసం సెలవు పెట్టేది ఆడవాళ్లు మాత్రమే కాకపోతే, నియామకం చేసే అధికారి ఆమెనొక్కదాన్నే అనుమానంగా చూడటానికి కారణం ఉండదు.