ఉండకూడని ఎనిమిది

లెక్కల మాస్టారుగా రిటైరైన మనిషికి ఎదురుగా ఆరో తరగతి పిల్ల, చేతిలో మార్కరు, పక్కన ఖాళీ అట్టపెట్టె దొరికితే ఏమవుతుందో మొన్న నల్లగొండ దగ్గర మా బామ్మర్ది బత్తాయి తోటలో తేలిపోయింది.

"నీకిష్టమైన అంకె చెప్పు" అన్నాను. బామ్మర్ది కూతురు ఏడు కోరుకున్నది. ఏడు తొమ్ముదులు 63. దానితో 1,23,45,679ని హెచ్చిస్తే 77,77,77,777 వస్తుంది. ఈ 1,23,45,679నే తొమ్మిదితో హెచ్చిస్తే అన్నీ ఒకట్లే, 11,11,11,111 కావడమే ఇందులోని కిటుకు. చూడడానికి అంకెలన్నీ వరుసగా ఉన్నట్టే ఉంటుంది గానీ ఇందులో ఎనిమిది ఉండదు. ఒకటిని 81తో భాగిస్తే దశాంశ బిందువు తర్వాత 012345679 అనే తొమ్మిది అంకెలే తిరిగి తిరిగి వస్తాయి. తొమ్మిది తర్వాత రావలసిన పదికి ఒక్క స్థానమే ఉన్నందున దానిలోని ఒకటి ఎడమకు జరిగి తొమ్మిదిని పది చేస్తుంది, ఆ పదిలోని ఒకటి మళ్లీ ఎడమకు జరిగి ఎనిమిదిని తొమ్మిది చేస్తుంది, ఆ విధంగా ఎనిమిది మాయమవుతుంది.

ఇదంతా పిల్లకు వివరించినవాణ్ణే, పాత పేపరు మీద గుణకారం వేసేటప్పుడు మాత్రం 12,34,56,789 అని రాసుకున్నాను. పలక మీద ఒంట్లు దిద్దిన చెయ్యి ఏడు తర్వాత ఎనిమిది వెయ్యకుండా ఆగుతుందా! వచ్చిన జవాబును అట్టపెట్టె మీద దర్జాగా, బామ్మర్ది అంతకుముందే "కాయలు" అని రాసి వదిలిన ఖాళీలో దించాను.

"మామయ్యా, ఏడుల మధ్యల ఈ సున్నా ఎందుకొచ్చింది?"

చూస్తే 7,77,77,77,707. గుణకారంలో తప్పు జరిగిందనుకుని మూడుసార్లు సరిచూశాను. మూడుసార్లూ గుణకారం సరిగానే ఉన్నది. నాలుగోసారి ఎనిమిది కంటపడి తలెత్తేసరికి పెట్టె నిండి, టేపు పడి, పాలమూరులో ఉన్న మా వియ్యంకుడి ఇంటికి ఆటోలో బయలుదేరి పోయింది.

సాయంత్రం ఫోన్ వచ్చింది.

"బావగారూ, పెట్టె మీద 777 కోట్ల 77 లక్షల 77 వేల 707 కాయలని ఉన్నది. మాకు ముట్టినవి 48."

సిగ్గుతో చితికిపోయి, 81తో భాగహారం మొదలుకొని మొత్తం చెప్పుకొచ్చి, "పొరపాటున ఎనిమిది ఎక్కువ వేశాను బావగారూ" అని ముగించాను.

ఆయన పాత పట్వారీల వంశం. అవతల కాగితం మీద పెన్ను కదిలిన చప్పుడు వినిపించింది.

"సరే, ఆ ఎనిమిదీ తీసేద్దాం. ముట్టిన 48 పోను ఇంకా 777 కోట్ల 77 లక్షల 77 వేల 651 కాయలు రావాలె. ఆటో ఎప్పుడు పంపిస్తరు?"